గుహుడి పడవ, ఖాళీ నది: ఒక కలంకారీ పని పూర్తి వివరం

హైదరాబాద్‌లో కొత్తగా కట్టుకున్న ఒక ఇంటి హాలుకి కలంకారీ గుడ్డ వేసిమ్మని అడిగారు. 8 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు. ఇంటాయన ఆర్కిటెక్ట్. గోడలకు రంగు వేయించకుండా సిమెంటు అలాగే కనిపించేలా వదిలేశారు. హాలులో సామాను కూడా తక్కువే. బొమ్మ కూడా అబ్‌స్ట్రాక్ట్‌గా, తేలికగా ఉండాలని, దేవుళ్లు వద్దని ఆయన కోరిక. ఆయన తల్లిగారిది శ్రీకాళహస్తి దగ్గర పల్లెటూరు. ఆవిడకి రామాయణం కావాలి, అదీ గుడ్డ నిండా కావాలి. "ఇంత గోడ పెట్టుకుని కథ లేకపోతే దేన్ని చూస్తా కూర్చోవాల నాయనా?" అని నన్నే అడిగారు.

నేను శ్రీకాళహస్తిలో గురువుగారి దగ్గర కలం పట్టడం నేర్చుకుని, ఆ తర్వాత ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో పెయింటింగ్ చదివాను. నాకు ఆవిడ మాటా అర్థమైంది, కొడుకు మాటా అర్థమైంది. ఇద్దరూ అడిగింది నాకిష్టమైనదే. అందుకే ఈ పనిని మొదటి నుంచి చివరి దాకా రాసి పెడుతున్నాను. కలంకారీ చేసేవాళ్లకి, చేయించుకునేవాళ్లకి పనికొస్తుందని నా నమ్మకం.

ఇలాంటి సందర్భంలో అందరూ చెప్పే ఉపాయం ఒకటుంది, చెరి సగం చెయ్యమని. వినాయకుణ్ణి ముక్కోణాలుగా విరిచి గీయడం, కలంకారీ ముఖాన్ని తీసుకుని వెనకాల నాలుగు రంగుల మరకలు వేయడం, నగల్లో సగం తీసేసి మోడరన్ అనడం. బజారులో ఇవి బాగానే అమ్ముడుపోతాయి. నాకు మాత్రం అవి రెండు కళలకూ అన్యాయం చేస్తాయనిపిస్తుంది. సంప్రదాయ కలంకారీలో ప్రతి నగకీ, ప్రతి చేతి ముద్రకీ ఒక పని ఉంది. ఆధునిక చిత్రంలో ప్రతి ఖాళీకీ ఒక పని ఉంది. రెంటిలోనూ పని తీసేసి పైరూపం మాత్రం పట్టుకుంటే మిగిలేది డిజైన్. నాకు రెండూ పూర్తిగా కావాలి. దేని నియమం దానికి గట్టిగా ఉండాలి, ఒకదాని నియమమే రెండోదానికి దారి చూపించాలి. ఈ గుడ్డ మీద నేను చేయాలనుకున్నది ఇదే.

ఆర్కిటెక్ట్ గారికి మొదటి రోజు నేను స్కెచ్ ఏమీ చూపించలేదు. పాత సంగతులు చెప్పాను. సంప్రదాయం అంటే మారకుండా పడి ఉన్నది అనుకుంటే మా గుడ్డకి ఆ లెక్క కుదరదు. శ్రీకాళహస్తి పక్కన గుళ్ల కోసం పురాణ కథల గుడ్డలు వేశారు. మచిలీపట్నం పక్కన గోల్కొండ కాలంలో పర్షియా తీరు పూలు, లతలు వేశారు. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నంలో దిగి, తమ దేశాల్లో ఏ పువ్వు నచ్చుతుందో చెప్పి వేయించుకున్నారు. ఆ అద్దకం గుడ్డ మీద యూరప్‌లో ఎంత మోజు పెరిగిందంటే, సొంత నేతగాళ్ల పొట్ట కొడుతోందని ఫ్రాన్స్ 1686లో దాన్ని నిషేధించింది. ఇంగ్లండ్ కూడా 1701లో ఒకసారి, 1721లో మరోసారి చట్టాలు తెచ్చింది. ఫ్రాన్స్‌లో నిషేధం 1759లో ఎత్తేశాక, మరుసటి ఏడే జూయీ అనే ఊళ్లో అచ్చు గుడ్డల కార్ఖానా మొదలైంది. అక్కడివాళ్లు మొదట నేర్చుకున్నది మన గుడ్డల్ని చూసే.

ఇక్కడ ఆయనకి నచ్చిన మాటొకటి చెప్పాను. ఆధునిక చిత్రకళ అనగానే తలుచుకునే మాటిస్, ఫ్రాన్స్‌లో నేతగాళ్ల ఊళ్లో పెరిగినవాడు. గుడ్డ ముక్కలు పోగేసి దాచుకునేవాడు. ఆయన దగ్గర జూయీ గుడ్డ అని పిలిచే నీలి పూల అచ్చు గుడ్డ ఒకటి ఉండేది. 1908లో వేసిన ఎర్ర గది చిత్రంలో ఆ పూల తీగ బల్ల మీద నుంచి గోడ మీదికి పాకిపోతుంది. బల్లేదో గోడేదో తెలియనంతగా ఎరుపు ఒక్కటే పరుచుకుంటుంది. లోతు తీసేసి చిత్రాన్ని చదునుగా చేయడం కొత్త సంగతి అని కాలేజీలో చెప్పారు. మా గురువుగారి గుడ్డ మీద లోతు ఎప్పుడూ లేదు. రాముడి వెనకాల ఉన్న చెట్టు రాముడి పక్కనే నిలబడుతుంది. ఆ రెండు చదునులూ ఒకటి కావు. కానీ ఒకదాన్ని ప్రేమించిన కన్ను రెండోదాన్ని గుర్తుపట్టగలదు.

మన దగ్గర కూడా ఈ దారిలో నడిచిన పెద్దవాళ్లున్నారు. చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ బరోడాలో పాఠం చెబుతూనే బొమ్మలు చేసేవాళ్ల పనిని, గాజు మీద బొమ్మలు వేసేవాళ్ల పనిని శ్రద్ధగా చూసినవాడు. ఆయన దగ్గర చదువుకున్న మన లక్ష్మాగౌడ్, తోట వైకుంఠం తమ ఊళ్ల మనుషుల్ని ఆధునిక చిత్రంలోకి తెచ్చారు. వైకుంఠం గారి ఆడవాళ్ల బొట్టు ముందు నిలబడ్డప్పుడల్లా నాకు ధైర్యం వస్తుంది. ఆ ఎరుపు పల్లెటూరి ఎరుపు. దాన్ని పెట్టిన చోటు మాత్రం బాగా చదువుకున్న చిత్రకారుడి నిర్ణయం.

నేను నేర్చుకున్న శ్రీకాళహస్తి కలం కూడా తెగకుండా వచ్చింది కాదు. ఇరవయ్యో శతాబ్దం సగానికొచ్చేసరికి పని దాదాపు ఆగిపోయింది. చేతిపనుల్ని నిలబెట్టడానికి పాటుపడ్డ కమలాదేవి చటోపాధ్యాయ పూనుకున్నాక, 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టారు. తర్వాతి తరంలో జొన్నలగడ్డ గుర్రప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఎవరో ఒకరు నిలబెట్టాలని గట్టిగా అనుకోబట్టే నా చేతిదాకా వచ్చింది. అందుకే సంప్రదాయం పేరు చెప్పి కళ్లు మూసుకోలేను, ఆధునికం పేరు చెప్పి దాన్ని పలచన చేయనూ లేను.

ఇక కథ ఎంచుకోవడం. తల్లిగారితో కూర్చుని రామాయణంలో ఏ ఘట్టం ఇష్టమని అడిగితే పట్టాభిషేకం అంటారనుకున్నాను. ఆవిడ గుహుడు అన్నారు. మొల్ల రామాయణంలో గుహుడు రాముడి కాళ్లు కడిగే పద్యం ఆవిడకి నోటికొచ్చు. రాముడి పాదధూళి సోకి రాయి ఆడదయిందట, ఆ ధూళి తన ఓడకి సోకితే ఏమవుతుందో అని గుహుడు భయపడి ముందుగా కాళ్లు కడుగుతాడు. ఆవిడ పద్యం చదివి, "ఆ భయంలో ఎంత భక్తి ఉందో చూడు నాయనా" అన్నారు.

నాకు దారి అక్కడ దొరికింది. గుహుడుంటే నది ఉండాలి. నది అంటే చోటు. కొడుకు అడిగిన ఖాళీ, తల్లి అడిగిన కథలోనే ఉంది.

పాత గుడి గుడ్డల అమరిక తెలిసినవాళ్లకి ఈ తర్వాతి అడుగు సులువుగా అర్థమవుతుంది. మధ్యలో ఒక పెద్ద గడి, దాని చుట్టూ వరసలుగా చిన్న గడులు, ప్రతి వరస కింద తెలుగు అక్షరాల్లో పద్యమో వచనమో. మధ్య గడిలో సాధారణంగా పట్టాభిషేకమో, దేవుడి పెద్ద రూపమో ఉంటుంది. నేను మొదలుపెట్టింది ఆ అమరికతోనే. మధ్య గడిలో మాత్రం నదిని పెట్టాను. పడవని కింది కుడి మూలకి జరిపాను. పడవలో ముగ్గురు, గట్టున గుహుడు, పైన ఆ చివర సన్నటి అవతలి ఒడ్డు. మిగిలినదంతా నీళ్లు. చిన్న గడుల వరసలు ఎడమ పక్కా పైనా మాత్రమే పెట్టాను. కుడివైపు వరస పెడితే నది గుంటలా నిలిచిపోతుంది, పారదు.

చిన్న గడుల్లో నాలుగు ఘట్టాలు: యాగ సంరక్షణ, అహల్య శాపవిమోచనం, సీతాకల్యాణం, వనవాసానికి బయలుదేరడం. వీటిలో అహల్య గడి లేకపోతే గుడ్డకి అర్థమే లేదు. గుహుడి భయానికి కారణం అదే కదా. అహల్య గడిని ఎడమ వరసలో కిందికి తెచ్చి, రాయి మీద పెట్టిన పాదమూ, కుడి మూలన గుహుడు పట్టుకున్న పాదమూ దాదాపు ఒకే ఎత్తులో పడేలా చూశాను. రెంటి మధ్యా ఖాళీ నది. కన్ను ఈ పాదం నుంచి ఆ పాదానికి నీళ్లు దాటి వెళ్లాలి. ఖాళీని నేను అలంకారంగా వదల్లేదు. కథ అందులోంచి నడుస్తుంది.

రంగు దగ్గర అసలైన చిక్కు వచ్చింది. కలంకారీలో నీళ్లు నీలం వేస్తే ఎవరూ తప్పనరు. ఆర్కిటెక్ట్ గారు కూడా నదంతా నీలిమందుతో ఒకే పరపుగా ఉంటే బాగుంటుందని ఆశపడ్డారు. కానీ మా దగ్గర రాముడు నీలం. అది మార్చేది కాదు. 8 అడుగుల గుడ్డ మీద నది అంతా నీలమైతే, జానెడు కూడా లేని రాముడు దాంట్లో కలిసిపోతాడు. అప్పుడు రాముణ్ణి పెద్దగా గీయాలి, గీస్తే ఖాళీ పోతుంది. బాగా ఆలోచించాక తేలింది ఒక్కటే: నీలం రాముడికి వదిలేయాలి. నదికి రంగే వద్దు. కరక్కాయ పట్టిన గుడ్డ రంగే నీళ్లు. ఈ పని మొత్తంలో నాకు ఎక్కువ తృప్తినిచ్చిన ఘడియ ఇది. రాముడు నీలంగా ఉండాలన్న పాత నియమమే నదిని ఖాళీగా ఉంచమంది. ఎవరి పుస్తకంలోనో చూసి తెచ్చుకున్న ఖాళీ అయితే నేను దాన్ని ఇంత గట్టిగా నిలబెట్టగలిగేవాణ్ణి కాదు.

ఖాళీ వదలడం అంటే పని తగ్గిందని చూసేవాళ్లు అనుకుంటారు. కలంకారీలో అది పని పెంచుతుంది. ఎందుకో చెప్పాలంటే పద్ధతి కాస్త చెప్పాలి.

గాడా గుడ్డని, అంటే చలువ చేయని ముతక నూలు గుడ్డని, ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నానబెట్టి, పిండి ఎండేస్తాం. కరక్కాయలోని వగరు రంగుని పట్టుకుంటుంది. పాలలోని కొవ్వు రంగు పాకిపోకుండా ఆపుతుంది. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో లేతగా గీసుకుని, దాని మీద కసిమి గీత వేస్తాం. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, తాటి బెల్లం, నీళ్లు కలిపి రెండు మూడు వారాలు పులియబెడితే కసిమి వస్తుంది. కరక్కాయ గుడ్డ మీద పడగానే అది నల్లబడుతుంది. తర్వాత ఎరుపు రావలసిన చోటల్లా పటిక నీళ్లు రాసి, ఆరనిచ్చి, పారే నీళ్లలో జాడించి, మంజిష్ఠ, సురుడు చెక్క లాంటి వాటితో ఉడకబెడతాం. పటిక రాసిన చోట ఎరుపు పట్టుకుంటుంది. పటిక లేని చోట కూడా గుడ్డకి ఎంతో కొంత మసక అంటుతుంది. దాన్ని పోగొట్టడానికి పేడ నీళ్లలో ముంచి, ఎండలో పరిచి, తడుపుతూ చలువ చేస్తాం. ఆ తర్వాత మళ్లీ పాలు పట్టి, కరక పువ్వుతో పసుపు, నీలిమందుతో నీలం, పసుపూ నీలమూ ఒకదాని మీద ఒకటి పడి ఆకుపచ్చ.

గుడ్డ నిండా బొమ్మలున్నప్పుడు ఆ మసక ఎవరి కంటా పడదు. నాలుగు వేళ్ల ఖాళీలో మరక ఉందా లేదా అని ఎవరు చూస్తారు? ఇక్కడ మధ్య గడి అంతా ఖాళీ. ఉడకబెట్టేటప్పుడు గుడ్డ మడత పడ్డ చోటు, పటిక చుక్క రాలిన చోటు, ఎండలో ఒక పక్క ముందు ఆరిన చోటు, అన్నీ పైకి కనిపిస్తాయి. పైగా శ్రీకాళహస్తి పక్కన పారే స్వర్ణముఖిలో నీళ్లు లేని నెలల్లో బోరు నీళ్లతో నెట్టుకురావాలి. నీళ్లలో ఇనుము ఎక్కువైతే ఎరుపు తేటదనం పోతుంది. అందుకని ఈ గుడ్డ ఉతుకు, ఉడుకు పనులు వానల తర్వాత నదిలో పారుదల ఉన్నప్పుడే పెట్టుకుంటానని ముందే ఒప్పించాను. ఆర్కిటెక్ట్ గారు గృహప్రవేశం తేదీ చెప్పి టెన్షన్ పడ్డారు. కొన్ని రోజులు గోడ ఖాళీగా ఉన్నా ఫరవాలేదు, గుడ్డ మీద ఖాళీ మాత్రం చెడకూడదన్నాను. తల్లిగారు నా పక్కే మాట్లాడారు.

ఉడకబెట్టేటప్పుడు గుడ్డని గాగులో వదిలేయకుండా కర్రలతో తిప్పుతూనే ఉండాలి. ఇద్దరు సహాయకులు దానికే నిలబడ్డారు. చలువ చేయడం కూడా పూర్తి తెలుపు వచ్చేదాకా లాగలేదు. కొద్దిగా మీగడ రంగు మిగిలినప్పుడే ఆపేశాను. తెల్లటి నది సిమెంటు గోడ మీద కాగితంలా కనిపిస్తుంది. మీగడ రంగు నది గుడ్డలా కనిపిస్తుంది, మట్టి కలిసిన నీళ్లలా కూడా కనిపిస్తుంది.

ఇక నీటి గీతలు. మా కలం వెదురు పుల్ల. మొన వెనకాల నూలో ఉన్నిదారమో చుట్టి ఉంటుంది. రంగు ఆ దారంలో నిలుస్తుంది, వేళ్లతో నొక్కితే మొనకి దిగుతుంది. ఒకసారి ముంచితే వచ్చే గీతకి ఒక కొలత ఉంది. మనిషి బొమ్మలో గీత ఆగిపోయే చోటుని వంకీ దగ్గరో, వడ్డాణం దగ్గరో, కుచ్చిళ్ల అంచులోనో దాచేస్తాం. నదిలో నగలుండవు. 5 అడుగుల గీత ఒక్క ముంపులో రాదు, అతుకు కచ్చితంగా తెలుస్తుంది. ఇక్కడ లక్ష్మాగౌడ్ గారి ఎచింగ్‌లు, అంటే లోహపు రేకు మీద గీసి తీసిన అచ్చు బొమ్మలు, నాకు సాయం చేశాయి. ఆయన దగ్గర పొట్టి గీతలు గుంపుగా చేరి మెత్తటి నీడ అవుతాయి. దేనికీ పొడుగ్గా సాగాల్సిన అవసరం ఉండదు. కలం ఎంతవరకు ఇస్తే అంతవరకే గీత గీసి, ఆగి, కాస్త ఎడం వదిలి మళ్లీ మొదలుపెట్టాను. నీళ్ల కదలిక ఆ ఎడంలో ఉంది. కసిమిలో నీళ్లు కలిపి పలచన చేస్తే బూడిద రంగు వస్తుంది. పడవ దగ్గర చిక్కగా, అవతలి ఒడ్డు దగ్గర కనీ కనిపించనట్టు వేశాను. పలచన కసిమికి ఇంకో మేలు కూడా ఉంది. ఇనుము ఎక్కువైన నలుపు ఏళ్లు గడిచేకొద్దీ నూలుని తినేస్తుంది. పాత గుడ్డల్లో నల్ల గీత ఉన్నచోటే చిల్లులు పడటం అందుకే.

బొగ్గు గీత దులిపితే పోతుంది, కసిమి గీత పోదు. అందుకని నదిలో ఎక్కడెక్కడ గీత పడాలో పాత చీర మీద పూర్తి కొలతతో సాధన చేశాక గానీ గుడ్డ మీదికి రాలేదు. చిన్న గడుల్లో మాత్రం నేర్చుకున్నది నేర్చుకున్నట్టే వేశాను. పెద్ద కళ్లు, నిండు నగలు, చెట్టు నిండా ఆకులు. అక్కడ నేను సొంత తెలివి చూపించదలుచుకోలేదు. ఆ గడులు నిండుగా ఉంటేనే నది ఖాళీగా ఉంటుంది.

వాదనలు రెండు జరిగాయి. ఆర్కిటెక్ట్ గారికి గడుల కింద అక్షరాలు నచ్చలేదు, దూరం నుంచి గజిబిజిగా కనిపిస్తాయన్నారు. తీసేయనన్నాను. ఆ అక్షరాల వరస దూరం నుంచి సన్నటి అల్లికలా నిలిచి గడులకి బరువునిస్తుంది, దగ్గరికొస్తే కథ చెబుతుంది. అహల్య గడి కింద ఉన్న మాట చదవకపోతే గుహుడు కాళ్లెందుకు కడుగుతున్నాడో ఆయన పిల్లలకి తెలియదు కూడా. తల్లిగారి అభ్యంతరం వేరు. కుడి పక్క వరస లేకపోవడం ఆవిడకి నచ్చలేదు. "అంచు లేని గుడ్డ నిండుతనం కాదు నాయనా" అన్నారు. ఆవిడ మాటతో చుట్టూ నాలుగు పక్కలా సన్నటి పూల అంచు తిప్పాను. ఆ సలహా ఈ గుడ్డకి చాలా మేలు చేసింది. అంచు లేకపోతే ఖాళీ గోడలోకి జారిపోయేది. అంచు ఉండబట్టి అది నదిలా లోపలే నిలిచింది. కాలేజీలో కూడా ఫ్రేము గురించి గంటలు చర్చించుకున్నాం. కానీ ఈ ఒక్క వాక్యంలో ఉన్నంత స్పష్టత ఆ చర్చల్లో నాకు దొరకలేదు.

అవతలి ఒడ్డు చెట్ల విషయం ఒకటి చెప్పాలి. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం లాంటి చోట్ల ఉన్న మన కోరమాండల్ తీరపు పాత గుడ్డల్లో చాలా ఆకులు ఇప్పుడు నీలంగా కనిపిస్తాయి. వేసినప్పుడు అవి ఆకుపచ్చవే. నీలం మీద వేసిన పసుపు వెలుతురుకి వెలిసిపోయి కింద నీలం మిగిలింది. కరక పువ్వు పసుపుకీ ఆ గుణం ఉంది. నేను ఆ ఒడ్డున ఆకుపచ్చ కోసం లేత నీలం మీద పసుపుని కావాలనే పలచగా వేశాను. ఇప్పుడది పచ్చటి ఒడ్డు. ముందు తరాలకి నెమ్మదిగా నీలం వైపు తిరుగుతుంది. అప్పటికి గుడ్డ మీద నీలం రెండు చోట్ల ఉంటుంది, పడవలో రాముడు ఒకటి, ఆయన చేరబోయే ఒడ్డు ఒకటి. ఈ సంగతి ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి, వాళ్ల ఒప్పుదలతోనే చేశాను. రంగు వెలిసిందని రేపు ఎవరైనా కంగారుపడి పైన రసాయనపు రంగు పులమకూడదు కదా.

గుడ్డ తగిలించేటప్పుడు అనుకున్న గోడ మార్పించాను. పడమటి కిటికీ ఎండ నేరుగా పడే చోటు అది. ఎదురు గోడకి మార్చి, అద్దం బిగించకుండా, పైన కర్రకి వేలాడదీయించాను. వెనకాల గాలి ఆడటానికి సందు వదిలాం. సబ్బుతో ఉతకొద్దని, ధూళి పడితే మెత్తటి గుడ్డతో పైపైన దులిపితే చాలని రాసిచ్చాను. తల్లిగారు ఆ గోడ కింద కుర్చీ వేయించుకుని మనవళ్లకి గడి గడికీ కథ చెబుతారు. కొడుకు గది అవతలి చివర నుంచి చూస్తారు. అక్కణ్ణుంచి ఆయనకి కనిపించేది నది ఒక్కటే.

ఈ గుడ్డ ఫొటో చూసి, గడులు లేకుండా నది ఒక్కటే వేసిమ్మని ఇద్దరు ముగ్గురు అడిగారు. వేయనని చెప్పాను. గడులు తీసేస్తే అహల్య పోతుంది, అహల్య పోతే గుహుడి భయం పోతుంది, అప్పుడు ఆ ఖాళీకి అక్కడ ఉండే కారణం లేదు. వాళ్ల గోడకి ఖాళీ కావాలంటే, ఖాళీ అవసరమైన ఇంకో ఘట్టాన్ని వాళ్ల ఇంట్లోవాళ్లతో కూర్చుని వెతుకుదామన్నాను. వాళ్లలో ఒకరు ఒప్పుకున్నారు. ప్రస్తుతం ఆ ఇంటి పెద్దాయన హరికథల్లో విన్న గజేంద్ర మోక్షం దగ్గర ఆగి ఉన్నాం.